ఎనిమిదో తరగతి సెన్సార్ బోర్డు

సందీప్ లేచి అడిగిన ప్రశ్నకు తరగతి మొత్తం నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

"మేడమ్, నిన్న టీవీలో సినిమా చూస్తాంటే హీరో ఏదో అన్నాడు. అనేతలికే కుయ్‌మని సౌండొచ్చింది. మా నాయన నవ్వినాడు. మాయమ్మ తల కిందికేసుకునింది. ఆయప్ప ఏమన్నాడో నాకొక్కనికే తెలీలా. ఏమనుంటాడు?"

విజయమ్మ ఆళ్లగడ్డ శివార్లలోని ఆ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. చాగలమర్రి నుంచి రోజూ వచ్చిపోతుంది. ఇలాంటి ప్రశ్నలకు ఇన్నేళ్లుగా ఆమె దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: "కూర్చో." ఆ రోజు కూడా అదే అనబోయింది. కానీ ఆమె వెనక నల్లబల్ల మీద ప్రాథమిక హక్కులు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాసి ఇంకా ఐదు నిమిషాలు కాలేదు. మాట్లాడే స్వేచ్ఛ గురించి పాఠం మొదలుపెట్టి, మొదట లేచిన పిల్లవాణ్ణే కూర్చోబెట్టడం ఆమెకే ఎబ్బెట్టుగా తోచింది.

"ఆయన ఏమన్నాడో నాకు తెలీదు. తెలిసినా ఇక్కడ అనను," అంది. "ఆ కుయ్ ఎవరు పెట్టిస్తారో, ఎందుకు పెట్టిస్తారో మాత్రం చెబుతా."

సినిమా థియేటర్‌కు పోయే ముందు ఒక బోర్డు దగ్గరికి పోతుందనీ, అక్కడ కొందరు కూర్చుని చూసి, కూడదనుకున్న మాట మీద ఆ కుయ్ పెట్టించి, ఏ వయసు వాళ్లు చూడవచ్చో సర్టిఫికెట్ ఇస్తారనీ చెప్పింది. సినిమా మొదట్లో తెర మీద పడే కాగితం అదేనని చెప్పగానే సగం మంది "ఓ, అదా" అన్నారు. ఆ కాగితం పడేటప్పుడే వాళ్లంతా ఈలలు వేసేది.

"అంటే వాళ్లు చూడమన్నదే మనం చూడల్లా?" అని అడిగింది కావ్య. ముందు బెంచీ పిల్ల, వాదన అంటే చెవి కోసుకుంటుంది.

"చిన్నపిల్లలు జడుసుకుంటారు, వాళ్లకు వద్దు అనడం ఒకటి. నాకు నచ్చలేదు కాబట్టి ఎవరూ చూడగూడదు అనడం ఇంకొకటి. రాజ్యాంగం మనకు మాట్లాడే హక్కు ఇచ్చింది, దానికి కొన్ని హద్దులు కూడా రాసింది. ఆ హద్దు సరిగ్గా ఎక్కడుందని కోర్టుల్లో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు."

"పెద్దోళ్లకు గూడా తెలీదా అయితే?" అన్నాడు సందీప్, కొంచెం సంతోషంగా.

"ఆ కుర్చీలో కూర్చుంటే గాని తెలీదు. మీ సినిమా ఉంది కదా, రేపు దాన్ని తీసుకురండి. మీరే బోర్డు."

వాళ్ల సినిమా నిజంగానే ఉంది. నంద్యాలలో ఒక సాంస్కృతిక సంఘం ప్రతి ఏడూ నవంబరులో బడిపిల్లల చిన్న సినిమాల పోటీ పెడుతుంది. ఫోనుతో తీసినా చాలు, ఐదు నిమిషాలు మించకూడదు. సందీప్ కథ రాశాడు. కావ్య వాళ్లమ్మ ఫోను అడిగి తెచ్చి తీసింది. సినిమా పేరు 'ఆపప్పా ఆపు'.

కథ వాళ్లందరిదీ. సాయంత్రం బడి వదిలాక దొర్నిపాడు మీదుగా కోయిలకుంట్ల పోయే ప్రైవేటు బస్సు ఒకటుంది. బడి దగ్గర పిల్లలు గుంపుగా చేతులూపితే అది ఇంకా వేగంగా పోతుంది. సినిమాలో పిల్లలు దాన్ని ఆపడానికి రకరకాల పాట్లు పడతారు. కావ్య పెళ్లికూతురి వేషం వేసి పెట్టెతో నిలబడుతుంది. డ్రైవరు బ్రేకు వేయబోయి, చీర కింద స్కూలు బూట్లు చూసి పోనిచ్చేస్తాడు. తరువాత సందీప్ వాళ్ల బర్రెను రోడ్డుకు అడ్డంగా నిలబెడతారు. బర్రె కోసం బస్సు మర్యాదగా ఆగుతుంది, అది పక్కకు జరగగానే పిల్లల్ని వదిలేసి పోతుంది. చివరికి సందీప్ ఒళ్లంతా ఆకులు కట్టుకుని, మొహానికి మసి పూసుకుని, అడవి మనిషిలా కేకలేస్తూ గంతులేస్తాడు. డ్రైవరు జడుసుకుని బస్సు ఆపుతాడు. అందరూ ఎక్కేస్తారు.

మధ్యలో ఒక నిజం ముక్క కూడా ఉంది. ఒకరోజు ఆ బస్సు టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు కావ్య పోయి కండక్టర్ శ్రీశైలాన్ని ఎందుకు ఆపరని అడిగింది. ఫోను చేతిలో నడుస్తూనే ఉంది. "హాఫ్ టికెట్లకు ఆపొద్దని ఓనర్ చెప్పినాడు పాపా. నన్నేం చేయమంటావ్?" అన్నాడతను. గొంతు, మొహం రెండూ స్పష్టంగా పడ్డాయి.

మరునాడు ఐదుగురు పిల్లలు టీచరు బల్ల వెనక వరుసగా కూర్చున్నారు. మిగతావాళ్లు కింద కూర్చున్నారు. నచ్చనిది కనబడితే ఎవరైనా "కట్" అనవచ్చు, కారణం కూడా అడగరు. విజయమ్మ పెట్టిన నియమం అదొక్కటే.

ఫోను ఆడించగానే కట్‌లు మొదలయ్యాయి. పెళ్లికూతురు బస్సు వెంట పరుగెత్తకూడదు, మా అక్క పెళ్లి ఉంది అని ఒకరు. బర్రెను బస్సు ముందర నిలబెడితే పాపం అని ఒకరు. మా మామ కూడా డ్రైవరే, డ్రైవరు జడుసుకున్నట్టు చూపితే ఆయనకు కోపం వస్తుందని ఒకరు. ఓనర్ మాట వద్దు, కొట్లాట అవుతుందని ఒకరు. తన మొహం నల్లగా పడిందని ఒకడు. చేయి ఊపే సీన్లో వెనకాల తమ ఇంటి గోడ కనబడుతోందనీ, దానికి సున్నం వేయలేదనీ ఇంకొకడు. ప్రతి మాటకూ బోర్డు గంభీరంగా తలూపి కట్ చేసింది.

"ఇప్పుడు ఏం మిగిలింది?" అని అడిగింది విజయమ్మ.

కావ్య లెక్క చూసి చెప్పింది. "దుమ్ము మేడమ్. బస్సు పోయినాక లేసిన దుమ్ము. మల్ల మన పేర్లు."

తరగతి నవ్వుతో ఊగిపోయింది. బోర్డు సభ్యులు కూడా నవ్వారు. సందీప్ మాత్రం "నా సినిమాను పాడు చేసినారు కదప్పా" అని నిజంగానే బాధపడ్డాడు.

"ఇప్పుడు మళ్లీ చూడండి," అంది విజయమ్మ. "ఈసారి కట్ అన్నవాళ్లు ఒక మాట చెప్పాలి. ఇది చూపితే ఎవరికి నష్టం, ఏం నష్టం? 'నాకు నచ్చలే' అంటే చాలదు."

రెండోసారి గోడ తిరిగి వచ్చింది. పెళ్లికూతురు వచ్చింది. బర్రె గురించి కాసేపు వాదించి, దాని తాడు సందీప్ నాయన పట్టుకునే ఉన్నాడని తెలిశాక అదీ వచ్చింది. మామకు కోపం వస్తే తానే సర్దిచెబుతానన్నాడు ఆ డ్రైవరు మేనల్లుడు. సినిమా అంతా తిరిగి వచ్చేసిందని అందరూ అనుకుంటుండగా వెనక బెంచీ నుంచి శ్రావణి లేచింది.

శ్రావణి నల్లమలలోని చెంచుగూడెం పిల్ల. ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుతోంది. తరగతిలో అడిగితే తప్ప మాట్లాడదు.

"సందీప్, ఆ ఆకులు కట్టుకునింది ఎవురు?"

"నేనే."

"నువ్వు గాదు. సినిమాలో."

"అడివి మనిషి," అన్నాడు సందీప్. అన్నాక వాడికి ఏదో తట్టినట్టుంది, గొంతు తగ్గింది.

"మా నాయన అడివి మనిషే. ప్యాంటు, చొక్కా ఏసుకుంటాడు. బస్సు రాకపోతే బీడీ కాల్చుకుంటా కూర్చుంటాడు. ఎగిరి గంతులెయ్యడు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సందీప్ చెవులు ఎర్రబడ్డాయి. విజయమ్మకు తన మీద తనకే చిన్న కోపం వచ్చింది. ఆ సీను ఆమె రెండుసార్లు చూసింది, రెండుసార్లూ నవ్వింది. ఈ సీను తీసేయండి అని చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోపే సందీప్ అన్నాడు.

"తీసేస్తాలే శ్రావణీ. నేను ఆలోచించలా."

"తీసేయొద్దు," అంది శ్రావణి.

అందరూ తిరిగి చూశారు.

"తీసేస్తే నీకు తేలికైపోతాది. నేను అనాల్సింది నా దగ్గరే ఉండిపోతాది. నాకూ ఒక సీను పెట్టు."

విజయమ్మ తెరిచిన నోరు మూసుకుంది. అంతవరకు ఆమె పాఠంలో రెండే దారులున్నాయి, ఉంచడం, తీసేయడం. ఈ పిల్ల మూడోది చూపించింది.

"ఏం సీను?" అని అడిగాడు సందీప్.

"నువ్వు ఎగురుతాంటావ్. నేను ఆడ కూర్చోని చూస్తాంటా. మిగతాది నాకు ఒదిలెయ్."

ఆ శనివారం సాయంత్రం బస్‌స్టాపు దగ్గర మళ్లీ తీశారు. పాత ఆకులు ఎండిపోయాయని సందీప్ కాలువ గట్టుకు పోయి పచ్చటి తీగలు తెచ్చి ఒళ్లంతా చుట్టుకున్నాడు. శ్రావణి చుడీదార్‌తో, భుజాన బ్యాగుతో బెంచీ మీద కూర్చుంది. సందీప్ కేకలేస్తూ వచ్చాడు.

"ఎవురప్పా నువ్వు?" అంది శ్రావణి.

"అడివి మనిషిని."

"ఏ గూడెం?"

ఈ ప్రశ్న సందీప్ రాసుకున్న దాంట్లో లేదు. వాడు ఇంకో గంతు వేశాడు.

"నేను గూడా అడివి నుంచే వచ్చినా. మా గూడెంలో ఎవురూ ఇట్ల ఉండరు. నవ్వొద్దు కావ్యా, మల్ల చెప్తా." మళ్లీ చెప్పింది. తరువాత ఆ తీగల వంక పరీక్షగా చూసింది. "ఈ తీగ యాడ తెచ్చినావ్?"

"కాలువ గట్టున."

"దురద పుట్టలా?"

అంతే. సందీప్ మెడ గోక్కున్నాడు. తరువాత చేతులు, తరువాత వీపు. ఇది కథలో లేదు. వాడు ఆకులు పీక్కుంటూ నీళ్ల కుళాయి వైపు పరుగెత్తుతుంటే కావ్య ఫోను ఆపకుండా వెంటపడింది. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది. గోక్కుంటూ రోడ్డు దాటుతున్న వాణ్ణి చూసి డ్రైవరు నిజంగానే బ్రేకు వేశాడు. శ్రావణి తాపీగా లేచి, మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అంది: "అడివి మనుషులకు గూడా టికెట్టు ఉంటాది."

అంతకంటే మంచి ముగింపు ఎవరికీ తోచలేదు. పాత ముగింపు తీసేసి, సినిమాను నంద్యాలకు పంపారు. సందీప్ ఒంటికి కొబ్బరినూనె రాసుకుని రెండు రోజులు బడికొచ్చాడు. ఆ రెండు రోజులూ శ్రావణి వాణ్ణి గూడెం పేరు అడుగుతూనే ఉంది.

శుక్రవారం విజయమ్మకు ఫోను వచ్చింది. నంద్యాల సంఘం కార్యదర్శి శాంతయ్య. రిటైరైన హిందీ పండితుడు, నెమ్మదస్తుడు.

"మేడమ్, మీ పిల్లల సినిమా బాగుందమ్మా. చిన్న ఇబ్బంది. ఆ బస్సుల ఓనరు మద్దిలేటిగారు రేపు మనకు ముఖ్య అతిథి. బహుమతుల ఖర్చు కూడా ఆయనదే. ఆ ఓనర్ మాట, బస్సు కనబడే చోట్లు కొంచెం తీసేస్తే..."

"బస్సు తీసేస్తే ఏం ఉంటుంది సార్?"

"అదేనమ్మా ఇబ్బంది," అన్నాడు శాంతయ్య.

హెడ్‌మాస్టరుతో చెబితే, మనకెందుకమ్మా, తీసేయమనండి అన్నాడాయన. విజయమ్మకు కూడా అదే తేలిక అనిపించింది. అయినా ఆమె ఆ సంగతి పిల్లల దగ్గర దాచలేదు. వాళ్ల సినిమా కదా, వాళ్లకే చెప్పింది.

"అది తప్పా మేడమ్? మనం అబద్ధం చెప్పినామా?" అన్నాడు సందీప్.

"అబద్ధం లేదు. హాలు వాళ్లది కాబట్టి వద్దనుకుంటే వాళ్లు వేయకపోవచ్చు. అది వాళ్ల ఇష్టం. మన సినిమా ఎట్లుండాలనేది మన ఇష్టం. కానీ నన్నొకటి అడగనివ్వండి. మొన్న మీరందరూ చూసి కూడా వదిలేసింది ఒకటుంది. ఆ కండక్టరు మొహం."

కావ్యకు వెంటనే అర్థమైంది. "ఆయప్పకు నేను తీస్తాన్నట్టు తెలీదు మేడమ్. ఓనర్ చూస్తే పనిలోంచి తీసేస్తాడు."

ఈసారి వాదన నడవలేదు. శ్రీశైలం మొహాన్ని మసకగా చేసి, గొంతు మార్చేశారు. ఆ పని కావ్య అన్న ఫోనులో చేసిచ్చాడు. మాట మాత్రం ఉంచారు. కొత్త కాపీ పంపి, శాంతయ్యకు ఆ సంగతే చెప్పింది విజయమ్మ. ఆయన నిట్టూర్చి, "రండమ్మా, చూద్దాం" అన్నాడు.

మరునాడు పొద్దున నంద్యాల హాలు ముందు జెండాలు, ఉప్మా వాసన, ఆరేడు బడుల పిల్లల గోల. శాంతయ్య వీళ్లను పక్కకు పిలిచాడు.

"మీది చివరన వేస్తా. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోతారు. ఆయనకు కష్టం ఉండదు, మీకూ నష్టం ఉండదు."

"ఆయప్పకు కష్టమని ఆయప్పే చెప్పినాడా సార్?" అని అడిగింది శ్రావణి.

"లేదమ్మా. ఆయన్ను ఎవరూ అడగలేదు," అన్నాడు శాంతయ్య.

శ్రావణి వెనుదిరిగి నేరుగా గుమ్మం దగ్గరికి పోయింది. అక్కడ తెల్ల చొక్కా, భుజాన తువ్వాల, ముఖ్య అతిథి బ్యాడ్జీతో మద్దిలేటి టీ తాగుతున్నాడు. కోయిలకుంట్ల రైతు. పప్పుశెనగ పండించుకునే మనిషి, ఈమధ్యనే మూడు బస్సులు కొన్నాడు. సందీప్, కావ్య వెనకాలే పరుగెత్తారు. విజయమ్మ వాళ్ల వెనక. శాంతయ్య అందరి వెనక.

"అప్పా, మా సినిమాలో మీ బస్సుండాది," అంది శ్రావణి.

మద్దిలేటి మొహం వెలిగింది. "నా బస్సా? సినిమాలోనా? యాడ, చూపీ."

"దాన్ని గురించి మంచిగా లే."

టీ గ్లాసు గాల్లోనే ఆగింది. "మంచిగా లేదా? ఏముండాది అందులో?"

"పిల్లోళ్లకు ఆపదు అని ఉండాది. అందుకని మీరు పోయినాక ఏస్తామంటాండారు."

మద్దిలేటి శాంతయ్య వైపు చూశాడు. శాంతయ్య నేల చూపులు చూశాడు.

"నేను పోయినాక ఏంటికి? నా బస్సు సినిమాను నేను గాక ఇంగెవురు చూస్తారు? ముందర అదే ఏయండి."

ముందర అదే వేశారు.

విజయమ్మ సినిమా చూడలేదు. రెండో వరుసలో కూర్చుని మద్దిలేటి మెడనే చూస్తూ కూర్చుంది. పెళ్లికూతురు బూట్లు కనబడగానే ఆ మెడ కదిలింది. బర్రె ముందు బస్సు మర్యాదగా ఆగేసరికి ఆయన తువ్వాలతో నోరు మూసుకుని నవ్వాడు. హాఫ్ టికెట్ల మాట రాగానే నవ్వు ఆగిపోయింది. అంతలో శ్రావణి తెర మీదికి వచ్చి, "ఏ గూడెం?" అని అడిగింది. సందీప్ గోక్కోవడం మొదలుపెట్టాడు. ఇక హాలు ఆగలేదు. వెనక వరుసల్లో చిన్నపిల్లలు కూడా గోక్కుంటూ నవ్వుతున్నారు. టికెట్టు మాటకు చప్పట్లు మోగాయి.

శ్రావణి నవ్వలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎవరెవరు నవ్వుతున్నారో వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూసుకుంటోంది.

మద్దిలేటి పిలవకముందే వేదిక ఎక్కి మైకు పట్టుకున్నాడు.

"నేను ఆ మాట చెప్పలేదని అనను. చెప్పినా," అన్నాడు. "పిల్లోళ్లంతా ఎక్కితే పెద్దోళ్లు ఎక్కరు. డీజిల్ ధర మీకు తెలీదు. అది గూడా మీ సినిమాలో చెప్పింటే బాగుండు. బర్రెను రోడ్డు మీద నిలబెట్టడం తప్పు, ఇంగెవురూ చేయొద్దండి." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "అయితే నా బస్సు బర్రెకు ఆగి పిల్లోళ్లకు ఆగకపోవడం చూస్తే నాకే బాగలే. సోమవారం నుంచి ఆగతాది. ఆగకుంటే ఇంగో సినిమా తీయండి."

దిగబోతూ మళ్లీ మైకు దగ్గరికొచ్చాడు. "ఆ మసక మొగం ఎవునిది?"

"చెప్పం," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

మద్దిలేటి వాళ్ల వంక చూసి, తువ్వాలు దులుపుకుని దిగిపోయాడు.

మొదటి బహుమతి వేరే బడి పిల్లలు కుందూ నది మీద తీసిన సినిమాకు వచ్చింది. వీళ్లకు రెండోది. సందీప్ తిరుగు ప్రయాణంలో సిరివెళ్ల దాటేదాకా ఆ నది సినిమాలో తప్పులు చెబుతూనే ఉన్నాడు. "నీ అభిప్రాయం నీది, కానీ కొంచెం మెల్లగా చెప్పు, అందరూ నిద్రపోతున్నారు," అంది విజయమ్మ.

సోమవారం సాయంత్రం బస్సు ఆగింది. స్టాపు దాటి కాస్త ముందుకుపోయి ఆగింది, పిల్లలు పరుగెత్తాల్సి వచ్చింది. శ్రీశైలం తలుపు పట్టుకుని, "ఎక్కండి తొందరగా," అని కేకేశాడు. కావ్య మెట్టెక్కుతుంటే చెవి దగ్గరికి వంగి అడిగాడు. "సినిమాలో నా గొంతు ఏందీ పాపా, కప్ప మాదిరి పెట్టినారంట?"

"మీకోసమే అన్నా."

"తెలుసులే. అయినా ఇంగొంచెం బాగుండే గొంతు పెట్టింటే ఏం పోయేది?"

ఆ వారంలోనే సందీప్ తరువాతి సినిమా కథ తరగతిలో చెప్పాడు. ఒక సోషల్ మేడమ్. ఆమె ప్రతి పాఠంలోనూ ప్రతి వాక్యం దగ్గరా "ఇది ఇంపార్టెంట్, పరీక్షలో వస్తుంది" అంటుంది. పిల్లలు అన్నిటి కిందా గీతలు గీసీ గీసీ పుస్తకం మొత్తం ఎర్రగా అయిపోతుంది. పరీక్షలో మాత్రం గీత గీయని ఒక్క వాక్యమే వస్తుంది.

తరగతి ఊపిరి బిగబట్టి విజయమ్మ వైపు చూసింది. నేనెప్పుడు అట్లా అన్నానని ఆమె అడగబోయింది. ఆ రోజు పొద్దున్నుంచే నాలుగుసార్లు అన్నట్టు గుర్తొచ్చింది.

"నా వేషం ఎవరిది?" అని అడిగింది.

"శ్రావణిది మేడమ్. ప్రాక్టీసు గూడా చేస్తాంది."

వెనక బెంచీలో శ్రావణి లేచి నిలబడింది. స్కేలు చేతిలోకి తీసుకుంది. ఎవరివో కళ్లద్దాలు పెట్టుకుని, తల వంచి, అద్దాల పైనుంచి తరగతిని ఒక చూపు చూసింది. పిల్లలు బల్లల మీద పడి నవ్వారు.

విజయమ్మ బెంచీల మధ్య నడిచి వెనకదాకా పోయింది. కాసేపు ఆ చూపును పరిశీలించింది.

"అద్దాలు ఇంకొంచెం కిందికి జారాలి," అంది. "మెడ ఇంత వంచకూడదు. నేను వంచను."

"వంచుతారు మేడమ్," అంది శ్రావణి.